అన్నీ ఒకే ఏడాది మార్చకండి

బృహన్ముంబయి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

ఫోరస్ రోడ్, కామాటిపుర గల్లీల్లోని తెలుగు చాళ్లలో పెరుగుతున్న పదకొండు నుంచి పధ్నాలుగేళ్ల లోపు పిల్లల గురించి ఈ ఉత్తరం. ఒకటో తరగతిలో బిడ్డను చేర్పించడానికి ఈ నగరంలో ఎందరో ఉన్నారు. బాల్వాడీ టీచరు ఖోలీ ఖోలీ తిరిగి పేర్లు రాసుకుంటుంది. పదో తరగతి ఫలితాల రోజున మెచ్చుకోవడానికీ మనుషులు దొరుకుతారు. ఈ రెంటికీ నడుమ ఆరు, ఏడు, ఎనిమిది తరగతులున్నాయి. బిడ్డ బడి మానేస్తే ఎవరికీ వెంటనే తెలియని కాలం అదే. ఆ మూడేళ్లలో పిల్లవాడి ఒళ్లు, గొంతు, స్నేహాలు వాటంతటవే మారతాయి. వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు. బడి, చదువుకునే భాష, ఇల్లు మాత్రం పెద్దలం మనం మారుస్తున్నాం. ఆ మార్పులన్నీ ఒకే ఏడాది ఆ బిడ్డ నెత్తిన పడకుండా చూడండి. నా విన్నపమంతా ఇదే. ఇది జాలితో చేసే పని కాదనీ, చట్టం మీకు అప్పగించిన పనేననీ, చేయడానికి వీలైన పనేననీ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు ఈ పిల్లలు ఎవరో చెప్పాలి. పాలికా కాగితాల్లో ఫోరస్ రోడ్ ఇప్పుడు ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్. జనం నోట మాత్రం పాత పేరే నిలిచింది. శిస్తు అన్న అర్థమున్న 'ఫోరో' అనే పోర్చుగీసు మాట నుంచి వచ్చిందది. సముద్రపు నీరు, బురద నిండిన పల్లపు నేలలను పూడ్చి, శిస్తుకు ఇచ్చి సాగులోకి తెచ్చిన భూములవి. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు తెలుగు పల్లెలు వదిలి వచ్చిన కూలీలు ఈ పక్కన కుదురుకున్నారు. వాళ్లను కామాటీలన్నారు, వాళ్ల పేట కామాటిపుర అయింది. బొంబాయి ఇళ్లకు, రోడ్లకు రాయి మోసిన చేతుల్లో వాళ్లవి ముందు వరసలోవి. చదువు విషయంలోనూ వాళ్లు వెనకబడి ఊరుకోలేదు. 1873లో మహాత్మా జోతిరావు ఫూలే పుణేలో సత్యశోధక సమాజం పెట్టినప్పుడు, బొంబాయిలో దానికి అండగా నిలిచిన వాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వ్యంకు బాళాజీ కాళేవార్ వంటి తెలుగువాళ్లున్నారు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన నివేదనలో ఫూలే, సామాన్య జనం పిల్లలకు కనీసం పన్నెండేళ్లు వచ్చేదాకా చదువు నిర్బంధం చేయాలని అడిగాడు. నూట నలభై ఏళ్లు దాటాక కూడా, ఆయనకు అండగా నిలిచిన వాళ్ల పేటలో మనం మాట్లాడుకోవలసింది ఆ పన్నెండో ఏటి గురించే.

ఆ వయసులో పిల్లలు వేరే మనుషులవుతారన్న సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. మధ్యాహ్న భోజనం లెక్క చూడండి. ఐదో తరగతి దాకా బిడ్డకు రోజుకు 100 గ్రాముల ధాన్యం, 450 కేలరీలు. ఆరో తరగతిలో అడుగు పెట్టగానే 150 గ్రాములు, 700 కేలరీలు. గరిటె పట్టుకున్న మనిషికి తెలిసిన ఈ తేడా తరగతి గదిలోకి వచ్చేసరికి మాయమవుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం చిన్న తరగతుల్లో ముప్పై మందికి ఒక ఉపాధ్యాయుడు, ఆరు నుంచి ఎనిమిది దాకా ముప్పై ఐదు మందికి ఒకరు. బడి ఎంత దూరంలో ఉండాలన్న కొలత చిన్న పిల్లలకు కిలోమీటరు, ఈ వయసు వాళ్లకు మూడు కిలోమీటర్లు. పటం మీద మూడు కిలోమీటర్లు పెద్ద దూరమేమీ కాదు. కానీ ఫోరస్ రోడ్డులో బయలుదేరే పన్నెండేళ్ల ఆడపిల్లకు దూరాన్ని ఏయే గల్లీలు దాటాలి, ఏ వేళప్పుడు దాటాలి అన్నదాన్ని బట్టి కొలవాలి. ఐదో తరగతి వరకు బిడ్డ పేరు, ఇంటి సంగతి, తండ్రి తాగి వచ్చిన రాత్రి సంగతి కూడా తెలిసిన ఒక్క టీచరు ఉండేది. ఆ తర్వాత సబ్జెక్టుకొకరు వస్తారు, గంట కొట్టగానే వెళ్లిపోతారు. ఎవరి పాఠం వాళ్లు బాగానే చెబుతారు. ఆ బిడ్డ మూడు రోజులుగా రాలేదన్న సంగతి మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు.

ఈ వయసు పిల్లల మీద లోకంలో జరిగిన పరిశోధన చాలానే ఉంది. మన వాదానికి బాగా దగ్గరగా వచ్చేది అమెరికాలోని మిల్వాకీ నగరంలో రాబర్టా సిమన్స్, డేల్ బ్లైత్ చేసిన అధ్యయనం. 1987లో పుస్తకంగా వచ్చింది. ఆ ఊళ్లో కొందరు పిల్లలు ఎనిమిదో తరగతి దాకా ఒకే బడిలో చదివేవారు, మరికొందరు ఏడో తరగతిలో వేరే పెద్ద బడికి మారేవారు. ఈ రెండు వర్గాలనూ పోల్చి చూస్తే, ఏడులో బడి మారిన ఆడపిల్లల్లో తమ మీద తమకుండే నమ్మకం ఎక్కువగా తగ్గినట్టు తేలింది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. శరీరంలో మార్పు, బడి మార్పు, ఇల్లు మారడం వంటివి ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డ పిల్లలు చదువులోనూ, ధైర్యంలోనూ ఎక్కువ నష్టపోయారు. ఒక మార్పును తట్టుకోవాలంటే మిగతావాటిలో ఏదో ఒకటైనా కుదురుగా ఉండాలి. మరో పరిశోధకురాలు జాక్వెలిన్ ఎక్లెస్ దీన్నే ఇంకో వైపు నుంచి చూపింది. సొంత నిర్ణయాలు తీసుకోవాలన్న కోరిక, పెద్దవాళ్ల చనువు కావాలన్న ఆరాటం పెరిగే వయసులోనే బడి ఆంక్షలు పెంచి, చనువు తగ్గిస్తుంది. అందువల్లే పిల్లలకు చదువు మీద మనసు విరుగుతుందని ఆమె వాదన. మిల్వాకీ వేరు, ముంబయి వేరు అనవచ్చు. నిజమే. అక్కడి పిల్లలకు బడి మారినా చదివే భాష మారలేదు. మన పిల్లలకు చాలాసార్లు అదీ మారుతుంది.

భాష విషయం కాస్త నిదానంగా చూడాలి. మన నగరపాలక సంస్థ మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ, తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లిష్ అనే ఎనిమిది మాధ్యమాల్లో బడులు నడుపుతోంది. దేశంలో మరే నగరమైనా గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి ఇది. కానీ చాలాకాలం పాటు పాలికా బడి అంటే ఏడో తరగతి దాకానే. హైస్కూళ్లు తక్కువ, తెలుగులో మరీ తక్కువ. చేతిలో ఎల్‌సీ (బడి వదిలినట్టు ఇచ్చే సర్టిఫికెట్) పెట్టి పంపిస్తే, దాంతో ఏ బడి గుమ్మం ఎక్కాలో, ఏ భాషలో చదవాలో తేల్చుకునేది తల్లి. ఆమె కూలికి పోయే మనిషో, ఇంట్లో కూర్చుని చిల్లర పని చేసుకునే మనిషో. బిడ్డ కొత్త బడిలో చేరాక అక్కడి ఉపాధ్యాయులకు ఒక భ్రమ కలుగుతుంది. ఈ గల్లీల పిల్లలు నాలుగు భాషలు గలగలా మాట్లాడతారు. బజారు హిందీ, పక్కింటి మరాఠీ, ఇంటి తెలుగు, సినిమా ఇంగ్లిష్ అన్నీ వాళ్ల నోట ఆడతాయి. ఇంత మాట్లాడేవాడికి సైన్సు పాఠం అర్థం కాకపోతే వాడిది బద్ధకమే అనుకుంటారు. కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1979 నుంచి హెచ్చరిస్తూ వచ్చింది ఈ భ్రమ గురించే. కొత్త భాషలో ముచ్చటించడం రెండేళ్లలో వస్తుంది. ఆ భాషలో పాఠం చదివి, ఆలోచించి, కారణం చెప్పి రాయడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఏడో తరగతి దాటాక మాధ్యమం మారిన పిల్లవాడికి ఆ గడువు ఎప్పుడు పూర్తవుతుందో లెక్క వేయండి. పదో తరగతి పరీక్ష అంతకు చాలా ముందే వచ్చేస్తుంది.

ఇక్కడ చట్టంలోని ఒక వెలితి చెప్పాలి. రాజ్యాంగంలోని 350ఏ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన అందేలా చూడమని రాష్ట్రాలతో పాటు స్థానిక సంస్థలను కూడా పేరుపెట్టి ఆదేశిస్తుంది. కానీ అది ప్రాథమిక దశతో ఆగుతుంది. ఆ వెలితిని తరువాతి చట్టం కొంత పూడ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, సాధ్యమైనంత మేరకు బోధన మాతృభాషలో ఉండాలన్నప్పుడు ఎనిమిదో తరగతి దాకా అన్ని తరగతులకూ వర్తించేలా అన్నది. 2020 జాతీయ విద్యావిధానం 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది తరగతులను ప్రత్యేక దశగా గుర్తించి, వీలైతే ఎనిమిది దాకా ఇంటి భాషను కొనసాగించమంది. అన్నిటికన్నా నేరుగా మిమ్మల్ని తాకేది విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్. తన పరిధిలోని పధ్నాలుగేళ్ల లోపు పిల్లల పేర్లు రాసి ఉంచడం, ప్రతి బిడ్డా బడిలో చేరి, హాజరై, ఎనిమిది తరగతులు పూర్తి చేసేలా చూడడం, వలస కుటుంబాల పిల్లలను చేర్చుకోవడం స్థానిక సంస్థ విధి అని అది చెబుతోంది. 'పూర్తి' అన్న మాట గమనించండి. చేర్చుకోవడంతో మీ బాధ్యత తీరిపోదు. ఎల్‌సీ ఇచ్చి పంపేసినా తీరదు.

తెలుగు మాధ్యమానికి అడిగేవాళ్లెక్కడున్నారని మీ అధికారులు అడుగుతారు. తల్లిదండ్రులే ఇంగ్లిష్ బడికి పరుగెడుతున్నారు కదా అంటారు. ఆ మాటలో నిజం ఉంది, దాచను. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టను కూడా. కానీ ఏడో తరగతితో ఆగిపోయే దారిలో తెలివైన మనిషెవరూ తన బిడ్డను ఒకటో తరగతిలో నిలబెట్టడు. పైతరగతులు లేక కింది తరగతులు ఖాళీ అవుతాయి, కింది తరగతులు ఖాళీ అయ్యాయని పైతరగతులు తెరవరు. ఈ చక్రంలో గిరాకీ లేదన్న మాట కారణమూ అవుతుంది, ఫలితమూ అవుతుంది. నేను అడిగేది ప్రతి గల్లీకీ పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం తెరవమని కాదు. ఇంగ్లిష్, మరాఠీ మాధ్యమంలో చదివే తెలుగు బిడ్డకు ఆరు నుంచి ఎనిమిది దాకా తెలుగు ఒక ఊతకర్రలా చేతిలో ఉండాలని. తెలుగు రాష్ట్రాలు ఈ మధ్య చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. 2020లో ఆంధ్రప్రదేశ్, ఆ తర్వాత తెలంగాణ, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు ఇచ్చాయి. మాధ్యమం మీద అక్కడ పెద్ద పోరే జరిగింది, కోర్టుల దాకా వెళ్లింది. ఆ పోరులో ఎవరు ఏ పక్షమైనా, ఎదురెదురు పేజీల పుస్తకం మంచి ఆలోచనేనని ఒప్పుకోవచ్చు. మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి వేసే సైన్సు, లెక్కల పుస్తకాలకు అటువంటి తెలుగు పేజీలు ఈ మూడు తరగతుల వరకైనా తయారు చేయించడం ముంబయికి అసాధ్యం కాదు.

మహారాష్ట్రలో పుట్టి పెరిగేవాడికి మరాఠీ రావద్దా అన్నది రెండో ప్రశ్న. తప్పక రావాలి. 2020 చట్టం ప్రకారం ప్రతి బడిలోనూ మరాఠీ తప్పనిసరి, అది న్యాయమే. ఫూలే మాటను బొంబాయి గల్లీల్లోకి మోసుకొచ్చిన కామాటీల వారసులకు మరాఠీ పరాయిది ఎలా అవుతుంది? కానీ ఒక భాషలో అర్థమైన భావం రెండో భాషలోకి త్వరగా వెళుతుంది. ఏ భాషలోనూ అర్థం కానిది ఏ భాషలోకీ వెళ్లదు. పద్ధెనిమిదేళ్లు నిండబోయే వాళ్లలో కూడా అక్షరం కుదరనివాళ్లు ఎంతమంది ఉన్నారో పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2023 నాటి నివేదిక చూపింది. దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో దాదాపు నాలుగో వంతు తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి పాఠం తడబడకుండా చదవలేకపోయారు. సగానికి పైగా మామూలు భాగహారం చేయలేకపోయారు. అది పల్లెల లెక్కే. అయినా ఎనిమిదో తరగతి దాటినంత మాత్రాన చదువు వచ్చేసినట్టు కాదని నగరాలకూ చెబుతోంది. ఆరో తరగతి అంటే ఆ లోటును పూడ్చుకోవడానికి దొరికే చివరి మంచి అవకాశం. పధ్నాలుగు దాటితే ప్రమాదకరం కాని పనులకు చట్టం అడ్డు చెప్పదు, జరీ ఖార్ఖానా, సంచులు కుట్టే గాలా గుమ్మం పక్కనే ఉంటాయి. రాత్రి బడులు ఉన్నాయి కదా అంటారేమో. అవి ప్రధానంగా ఎనిమిది నుంచి పది తరగతులకు. ఆరులో జారిపోయినవాడికి ఆ తలుపు కూడా తెరుచుకోదు.

ఇక ఫోరస్ రోడ్ గురించి మాట్లాడి, అందరికీ తెలిసిన సంగతి దాటేయడం నిజాయితీ కాదు. ఈ పేట పేరు చెప్పగానే దేశానికి గుర్తొచ్చేది కామాటీలు కాదు, ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు. చాళ్లలోని మనవాళ్లలో కొందరు, మా పిల్లలు వేరు, ఆ ఇళ్ల పిల్లలు వేరు, సాయం చేస్తే విడివిడిగా చేయండి అంటారు. వాళ్ల భయం అర్థమవుతుంది. చిరునామా రాయగానే అవతలివాళ్ల ముఖం మారడం ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. కానీ ఆ విడదీత ఎవరినీ కాపాడదు. ఆ ఆడవాళ్లలో తెలుగు నేల నుంచి, జోగినీ ఆచారం ఉన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్ల బిడ్డలు మాట్లాడేదీ మన తెలుగే. గౌరవ్ జైన్ కేసులో ఈ పిల్లలకు వేరే బడులు, వేరే హాస్టళ్లు పెట్టమని అడిగితే, అలా వేరు చేయడం వాళ్లకు మేలు కాదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 1997లో అదే వ్యవహారంలో తెలుగువాడైన జస్టిస్ కె. రామస్వామి ఉన్న ధర్మాసనం, ఈ బిడ్డలకు సమాన అవకాశం, గౌరవం, రక్షణ హక్కులని, మచ్చ పడకుండా సమాజంలో కలిసి పెరగాలని తీర్పిచ్చింది. వేరు చేయకుండా సాయం ఎలా చేయాలో కామాటిపురే చూపింది కూడా. తల్లులు పనిలో ఉండే రాత్రి వేళల్లో పిల్లలు తిని, చదువుకుని, నిద్రపోవడానికి ప్రేరణ సంస్థ 1988లో రాత్రి సంరక్షణ కేంద్రం మొదలుపెట్టింది. సాయంత్రం తెరిచి ఉండే ఒక గది విలువ ఈ పేటకు దాదాపు నలభై ఏళ్లుగా తెలుసు. పదడుగుల ఖోలీలో ఆరుగురు ఉండే ఇంటి పిల్లవాడికీ ఆ గదే కావాలి. అవసరం ఒకటే అయినప్పుడు తలుపులు రెండెందుకు?

ఈ మాటలు ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. కామాటిపుర పాత భవనాలన్నీ కూల్చి, రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ద్వారా కొత్తగా కట్టే పథకం ముందుకు సాగుతోంది. కూలిపోయేలా ఉన్న చాళ్లలో భయంభయంగా బతికే కుటుంబాలకు గట్టి ఇల్లు దొరకడం మంచిదే, దాన్ని ఎవరూ వద్దనరు. కానీ ముంబయిలో పునర్నిర్మాణం అంటే మధ్యలో ట్రాన్సిట్ క్యాంపు. అది ఎక్కడ దొరుకుతుందో, ఎన్నేళ్లు ఉండాలో ఈ నగరంలో పాత కాపురస్తులందరికీ అనుభవమే. ఆ ఏళ్లలో ఎవరో బిడ్డ ఆరులోనో ఏడులోనో ఉంటుంది. మిల్వాకీ అధ్యయనం హెచ్చరించిన మార్పులన్నీ, దానికి తోడు భాష కూడా, ఆ బిడ్డ మీద ఒకేసారి పడతాయి. ఇల్లు మారక తప్పకపోతే బడి మారకుండా చూడవచ్చు. భవనాల నక్షాలో పార్కింగుకు, దుకాణాలకు చోటు లెక్క వేసినట్టే, పని సాగే కాలమంతా ఈ పేట బడి ఎక్కడ నడుస్తుందో, క్యాంపుల నుంచి పిల్లలు దానికి ఎలా వస్తారో ముందే లెక్క వేయించండి.

ఇంతకూ మీ నుంచి కోరేవి నాలుగు. ఒకటి, ఈ వార్డు పాలికా బడుల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలు ఒకే కప్పు కింద ఉండాలి. అది కుదరని చోట ఎల్‌సీ తల్లి చేతికి కాక, బడి నుంచి బడికి వెళ్లాలి, జూన్‌లో ఆ బిడ్డ అక్కడ కూర్చుందో లేదో పంపిన బడి చూసుకోవాలి. రెండు, ఏ మాధ్యమమైనా తెలుగు పిల్లలకు రోజూ ఒక గంట తెలుగు తెలిసిన ఉపాధ్యాయుడు, ఎదురెదురు పేజీల పుస్తకం. మూడు, ప్రతి ఇరవై ముప్పై మందికి మూడేళ్లూ మారకుండా ఒక టీచరు. వాళ్ల పాఠం ఎవరు చెప్పినా, వాళ్లు రాని రోజున ఇంటికి వెళ్లి అడిగే బాధ్యత ఆ ఒక్కరిది. నాలుగు, బడి ముగిశాక రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండే చదువు గది, ఎవరి బిడ్డ అని అడగకుండా అందరికీ.

డబ్బు మాట వస్తుంది. 2025-26లో మీ విద్యా బడ్జెట్ 3,900 కోట్ల రూపాయల పైచిలుకు. నేనడిగినవాటిలో కొత్త భవనం ఒక్కటీ లేదు. ఉన్న గదికి సాయంత్రం తాళం వేయకపోవడం, ఉన్న ఉపాధ్యాయుల పనివేళలు సర్దడం, కొద్దిమంది తెలుగు టీచర్లను నియమించడం, కొన్ని పుస్తకాలు అచ్చు వేయడం. ఉపాధ్యాయులకు ఎన్నికల పనులు, సర్వేలు ఇప్పటికే మోయలేనంత ఉన్నాయంటే ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే ఇంటికి వెళ్లి అడిగే పనిని కొసరు పనిగా కాక, మిగతా భారం తగ్గించి, పనివేళల్లో భాగంగా లెక్కించమంటున్నాను. పాలికా బడి పిల్లలకు మీరు యూనిఫాం, బూట్లు, గొడుగు, దప్తరం దగ్గర్నుంచి 27 రకాల వస్తువులు ఉచితంగా ఇస్తున్నారు. వానాకాలంలో కామాటిపుర గల్లీలో నీళ్లు నిలిచినప్పుడు ఆ గొడుగు విలువ తెలుస్తుంది. పన్నెండేళ్ల వయసులో ఆ బిడ్డకు వీటన్నిటితో పాటు తన పేరు మరిచిపోని ఒక మనిషి కూడా కావాలి. ఆ జాబితాకు ఇరవై ఎనిమిదోదిగా ఆ మనిషిని చేర్చండి.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా ఒక చిన్న పని చేయించండి. 9వ సెక్షన్ మీ దగ్గర ఉంచమన్న పేర్ల పుస్తకం తెరిపించండి. ఈ పేటలో ఐదు, ఏడు తరగతులు ముగించిన ప్రతి తెలుగు బిడ్డ పేరు ఎదుట, ఇప్పుడు ఏ బడిలో, ఏ తరగతిలో ఉందో రాయించండి. ఖాళీగా మిగిలిన గళ్లెన్నో చూస్తే, ఈ ఉత్తరానికి ఏం జవాబివ్వాలో మీకే తెలుస్తుంది.

ఇట్లు,
ఒక ముంబయి తెలుగు పౌరుడు